మా చెల్లెలి ఇంటి ఓనర్‌ని

మా చెల్లెలు నాకు అద్దె కడుతుంది. నెలనెలా, లీజు కాగితం ప్రకారం. ఈ మాట ఇప్పుడు ఎవరడిగినా గర్వంగానే చెబుతాను. రెండేళ్ల కిందట ఇదే మాట ఎవరైనా నా ముందు అని ఉంటే వాళ్లింటికి వెళ్లడం మానేసేవాణ్ణి. ఈ రెండేళ్లలో నేనేమీ మంచివాణ్ణి అయిపోలేదు. నా మంచితనం అనుకున్నది ఏమిటో నాకే కాస్త తెలిసింది, అంతే.

ఆ ఇల్లు షానన్‌లో ఉంది. ఐర్లండ్ వచ్చిన కొత్తలో అక్కడ విమానాశ్రయం పక్కనున్న ఫ్రీ జోన్‌లో ఒక కంపెనీలో పనిచేశాను. వరసగా గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్లలో ఒకటి, రెండు పడగ్గదులది, బ్యాంకు అప్పుతో కొన్నాను. పై గది కిటికీలోంచి చూస్తే నది మీదుగా దిగే విమానాలు కనిపిస్తాయి. తర్వాత గంట దూరంలోని గాల్వేలో వైద్య పరికరాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజినీరుగా మంచి ఉద్యోగం దొరికింది. గుండె నాళాల్లోకి పంపే సన్నటి గొట్టాల్లో వెంట్రుకంత లోపం ఉన్నా పట్టుకోవడం నా పని. గాల్వేలో అద్దెలు చూసి, కష్టమో నష్టమో అని అక్కడ కూడా ఒక ఇల్లు కొన్నాం. అలా రెండు అప్పులు నెత్తిన పడ్డాయి. షానన్ ఇంటికి వచ్చే అద్దె ఆ ఇంటి అప్పుకు సరిపోతుండేది కాబట్టి ఇబ్బంది తెలియలేదు.

చెల్లెలు నాకంటే ఆరేళ్లు చిన్న. ఆమె భర్తకు కూడా షానన్‌లోనే ఉద్యోగం దొరకడంతో ఆ ఊరే వచ్చింది. కొన్నేళ్లకు వాళ్లిద్దరూ విడిపోయారు. అతను కెనడా వెళ్లిపోయాడు. ఆ కథ ఆమెది, నేను చెప్పకూడదు. కూతురితో ఇక్కడే ఉండిపోయింది. అప్పటికే ఆమెకు ఇక్కడి పౌరసత్వం ఉంది, ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలూ మందులూ తిండీ చూసే ఉద్యోగం ఉంది. విడిపోయినప్పుడే కౌన్సిల్‌లో, అంటే ఇక్కడి మునిసిపాలిటీలాంటి దాంట్లో, సర్కారు ఇంటి కోసం పేరు రాయించుకుంది. అద్దె ఇంటి యజమాని ఇల్లు అమ్ముకుంటున్నానని ఆమెకు నోటీసు ఇచ్చిన నెలలోనే, మా షానన్ ఇంట్లో ఉన్న కుర్రాళ్లు ఖాళీ చేశారు.

"మన ఇంటికొచ్చెయ్యి" అన్నాను ఫోన్లో.

"అద్దె ఎంత అన్నయ్యా?"

"నోరు మూసుకుని సామాన్లు సర్దుకో."

ఆ రోజు ఫోన్ పెట్టేశాక నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ హాయిలో చెల్లెలికి నీడ దొరికిందన్న భాగం ఎంతో, నీడ ఇచ్చింది నేనన్న భాగం ఎంతో అప్పుడు విడదీసి చూసుకోలేదు.

ఇంట్లో దిగాక నేను నెలకు రెండుసార్లయినా వెళ్లేవాణ్ణి. నా దగ్గర తాళంచెవి ఉండేది, నేరుగా తలుపు తీసుకుని లోపలికి వెళ్లిపోయేవాణ్ణి. వంటింట్లో గిన్నెలు ఎక్కడుండాలో చెప్పేవాణ్ణి. హీటింగ్ ఇంతసేపు ఎందుకు వేస్తున్నావనేవాణ్ణి. గోడకు మేకు కొట్టొద్దనేవాణ్ణి. ఎనిమిదేళ్ల మేనకోడలు గోడకు తన బొమ్మ ఒకటి అంటిస్తే, రంగు ఊడుతుందని తీయించాను. ఆ పిల్లకు తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లీషులోనే చెబుతుంది. "ఇట్స్ గ్రాండ్, మామయ్యా" అని, అంటే ఇక్కడి మాటలో ఫర్వాలేదని, బొమ్మను మడిచి పుస్తకంలో పెట్టుకుంది. మా చెల్లెలు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమె ఆ ఇంటికి కడుతున్న అద్దె అని నాకు తట్టలేదు.

ఉగాదికి గాల్వేలో తెలుగువాళ్లమంతా ఒక హాలు తీసుకుని కలుసుకున్నాం. చెల్లెలు కూడా షానన్ నుంచి పులిహోర చేసుకుని వచ్చింది. అక్కడ మాకందరికీ పెద్దదిక్కులాంటి ఒక అంకుల్ ఉన్నారు, ఎప్పుడో మా అందరికంటే ముందు వచ్చినాయన. ఆయన మా చెల్లెలి సంగతి అడిగారు. నేను గొంతు తగ్గించకుండా చెప్పాను.

"రోడ్డు మీద పడనిస్తానా అంకుల్? మా ఇంట్లోనే పెట్టాను. పైసా తీసుకోను. ఆడపడుచు దగ్గర అద్దె తీసుకుంటే మనం మనుషులమేనా?"

"అన్నంటే నీలాగుండాలయ్యా" అన్నారాయన. పక్కనున్న నలుగురూ తలలూపారు.

వెనక్కి తిరిగితే చెల్లెలు పులిహోర గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అందరికీ వడ్డించింది. నాకు కూడా వడ్డించింది. తను తినకుండానే, పిల్లకు రేపు స్కూలుందని చెప్పి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా ఫోన్ చేసింది. సెప్టెంబరు నుంచి పక్క ఊరు ఎన్నిస్‌లో ఒక కాలేజీలో ఏడాది కోర్సుకు సీటు వచ్చిందట, అది పూర్తిచేస్తే తర్వాత నర్సింగ్ డిగ్రీకి వెళ్లొచ్చట. చదువుకోవాలంటే ఉద్యోగం శనాదివారాలకే కుదించుకోవాలి.

"మంచిదే గదా, చదువుకో. ఇల్లు ఎట్టాగూ ఉంది."

"అదే మాట్లాడదామని చేశా. నాకు లీజు రాసియ్యి అన్నయ్యా. బయటవాళ్లకెంతకిస్తావో అంతకే. ఈ వేసవంతా ఫుల్ టైము చేస్తాగా, నా జీతంలోంచి కడతా. సెప్టెంబర్నించి హ్యాప్‌కి పెట్టుకుంటా."

హ్యాప్ అంటే ఇక్కడ ఆదాయం తక్కువున్నవాళ్లకు కౌన్సిల్ చేసే అద్దె సాయం. అద్దె నేరుగా ఇంటి యజమానికి కౌన్సిలే కడుతుంది. అద్దెకున్నవాళ్లు తమ రాబడిని బట్టి వారం వారం కౌన్సిల్‌కి కొంత కడతారు.

"గవర్నమెంటు చేత నాకు కట్టిస్తావా? నేనేమన్నా అడిగానా నిన్ను?"

"నువ్వు అడగలా. అదే వచ్చిన చిక్కు."

"సొంత అన్న ఇంటికి సాయం ఎవరిస్తారు? మోసమంటారు."

"కనుక్కున్నా. తోడబుట్టినోళ్ల ఇల్లయినా ఫర్వాలేదంట. నువ్వు అదే ఇంట్లో ఉండకూడదు, అద్దె నిజం అద్దె అయ్యుండాలి, లీజు రిజిస్టర్ చేయించాలి, నువ్వు ఆ అద్దె మీద టాక్సు కట్టాలి. మోసమెక్కడుంది? రేపు ఎవరో తెలియనివాడి ఇంట్లో చేరితే నువ్వే వెళ్లి పెట్టుకో అంటావు. ఇన్నేళ్లూ నేను టాక్సు కట్టలా ఇక్కడ?"

"నలుగురూ ఏమనుకుంటారు?"

"వాళ్లకు పులిహోర పెట్టా గదా. ఏమీ అనుకోరులే."

సరే, రాసిస్తానన్నాను. రాసిచ్చాను కూడా. రిజిస్టర్ చేయించాను. ఆమె జూన్ మొదట్లో మొదటి అద్దె పంపింది.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. ఆ డబ్బు నా ఖాతాలో కనపడగానే తప్పు చేసినట్టనిపించింది. మా వైపు ఆడపిల్ల పుట్టింటికొస్తే వట్టి చేతులతో పంపరు. చీరో, జాకెట్టు ముక్కో, చేతిలో పెట్టే డబ్బో, ఏదైనా సరే దాన్ని పసుపు కుంకుమ అనే అంటాం. అలాంటిది ఆడపిల్ల చేతిలోంచి తీసుకోవడమా? ఆ సాయంత్రమే అంతకంత తిరిగి ఆమె ఖాతాలో వేశాను. ఎందుకు పంపుతున్నామో రాసే చోట ఇంగ్లీషు అక్షరాల్లో 'పసుపు కుంకుమ' అని రాశాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. లీజూ ఉంది, అద్దె కట్టినట్టూ ఉంది, తీసుకోనట్టూ ఉంది.

మర్నాడే ఆమె మళ్లీ పంపింది. నేను మళ్లీ పంపాను. "ఆపన్నయ్యా, నవ్వులాట కాదు" అని మెసేజీ పెట్టి మళ్లీ పంపింది. నేను నాలుగు రోజులు ఆగి పంపాను. జూలై అద్దెకూ ఇదే వరస. ఆ వేసవిలో ఒకటే డబ్బు మా ఇద్దరి మధ్యా చెడుగుడు ఆడింది. చివరికి రాత్రి షిఫ్టులతో అలిసిపోయి ఆమె పంపడం మానేసింది, నేను గెలిచాననుకున్నాను.

ఇదంతా చూస్తున్న మా ఆవిడ ఒక రోజు అంది, "ఆ డబ్బు మనకు అక్కర్లేదా?"

"అక్కరుంటే మాత్రం?"

"ఏప్రిల్లో ఎస్టేట్ ఏజెంటుకి ఫోన్ చేసి ఆ ఇల్లు అమ్మితే ఎంతొస్తుందని అడిగింది మీరు కాదూ?"

అడిగింది నేనే. అద్దె లేకుండా రెండు అప్పులు మోయడం మా వల్ల కావట్లేదు. ఉగాది దాటిన కొద్ది రోజులకే, హాల్లో అంత గొప్పగా మాట్లాడిన నోటితోనే, ఆ ఇల్లు అమ్మకానికి పెడితే ఎన్నాళ్లు పడుతుందని ఏజెంటును అడిగాను. చెల్లెలు ఉంటోందని ఆయనకు చెప్పలేదు, 'అద్దెకు ఎవరూ లేరు' అన్నాను. ఇంట్లో మనిషి ఉంటే ధర తగ్గుతుందని విని అన్న మాట అది. ఆ ఇంట్లో మా చెల్లెలూ ఆమె కూతురూ నిద్రపోతున్నారు.

"అమ్మలేదు కదా" అన్నాను.

"అమ్మరని ఆ అమ్మాయికి ఏంటి నమ్మకం? మీరిచ్చింది ఇల్లు కాదండీ. మీ మాట." అని తన పనిలో పడింది. నేనూ నా పనిలో పడ్డాను. చెల్లెలికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పే ధైర్యం చెయ్యలేదు.

హ్యాప్ కోసం ముందే పెట్టుకున్న దరఖాస్తు మీద జూలై చివర్లో కౌన్సిల్ ఆఫీసు నుంచి ఆమెకు రమ్మని కబురొచ్చింది. ఇల్లు అన్నగారిది కాబట్టి వీలైతే ఆయన్ను కూడా తీసుకురమ్మన్నారు. నేను సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. మాతో మాట్లాడినావిడకు యాభై దాటి ఉంటాయి, కళ్లజోడు దారానికి కట్టి మెడలో వేసుకుంది. కూర్చోమని, దారిలో వాన తగిలిందా అని అడిగి, లీజు చూసింది. బాగుందంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు తిప్పుతూ ఆగింది.

"ఈ పసుపు అంటే ఏమిటి? ఇన్నిసార్లు ఉంది."

చెల్లెలు నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. మా ఊళ్లలో ఆడపడుచును ఎలా చూసుకుంటామో చెప్పాను. పసుపు అంటే ఏమిటో, కుంకుమ అంటే ఏమిటో చెప్పాను. ఆవిడ నిజంగా ఆసక్తిగా విన్నది. ఎంత చక్కటి ఆచారం అంది. నేను ఇంకా ఉబ్బిపోయాను.

"మరి, ఆమె ఎప్పుడైనా అద్దె కట్టలేకపోతే మీరేం చేస్తారు?"

"ఏమీ చెయ్యను. ఆమె నా చెల్లెలు. అద్దె కట్టినా కట్టకపోయినా ఆ ఇంట్లో బతికినంత కాలం ఉండొచ్చు."

ఆవిడ కలం కింద పెట్టింది. కాసేపు మా ఇద్దరి వంకా చూసింది. గొంతులో ఏ కోపమూ లేదు, ఆ మెత్తదనం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"మీరు మీ చెల్లెలికి ఇల్లు ఇచ్చారు. అది చాలా మంచి పని. కానీ అది అద్దె కాదు. లేని అద్దెకు నేను సాయం ఎలా చేస్తాను? మీరు బంధువులు కావడం నాకు అభ్యంతరం కాదు. డబ్బు వెళ్లి వెనక్కి వచ్చేస్తోంది, అదీ చిక్కు. ఫైలు మూసెయ్యను. ఆగస్టు, సెప్టెంబరు అద్దెలు నిజంగా కట్టినట్టు చూపించండి. అప్పుడు ఇద్దరూ మళ్లీ రండి."

బయట కార్ల మధ్య చెల్లెలు చాలాసేపు నిలబడింది. నేను తాళంచెవి కోసం జేబులు వెతుక్కుంటున్నట్టు నటించాను.

"బాగా మాట్లాడావన్నయ్యా," అంది. "నీకు మంచి పేరొచ్చింది. నా కోర్సు పోయింది."

"పోలేదు. ఇంకా రెండు నెలలు చూస్తానందిగా."

"సెప్టెంబర్లో కాలేజీ మొదలు. అప్పటికి షిఫ్టులు మానుకోవాలా, వద్దా? మానుకుంటే సెప్టెంబరు అద్దె ఎట్టా కట్టాలి? మానుకోకపోతే క్లాసుకు ఎట్టా పోవాలి?"

"నేను కట్టొద్దంటన్నా గదా..." అనబోయి ఆగాను. ఆ మాట వల్లే ఇక్కడిదాకా వచ్చాం.

"తెలియనోడి ఇల్లయితే ఈపాటికి వచ్చేది నాకు. నీ ఇల్లు కాబట్టి రాలా. నీ ఇంట్లో ఉండాలంటే నేనెప్పుడూ లేనిదాన్నిగానే ఉండాలన్నయ్యా. ఉన్నదాన్నయితే నీకు ఇయ్యటానికేం ఉండదు." కారు తలుపు తీసింది. "ఇల్లు వెతుక్కుంటా. దొరికితే వెళ్లిపోతా. దొరకదనుకో, అది వేరే సంగతి."

షానన్‌లో ఇళ్లు దొరకవని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు గాల్వే దాకా రేడియో వెయ్యకుండా నడిపాను. ఆమె అన్నది తప్పని నిరూపించే మాట ఒక్కటి దొరుకుతుందేమోనని దారంతా వెతికాను. ఇంటికెళ్లి మా ఆవిడకు జరిగింది చెప్పాను. అన్నీ చెప్పాను, ఒక్క మాటా దాచకుండా. ఆమె తిట్టలేదు. "ఫోన్ ఇవ్వండి" అని మా చెల్లెలికి చేసింది. "మీ అన్నయ్య ఇంక పంపరు. నేను చూసుకుంటా. నువ్వు ఆగస్టుదీ సెప్టెంబరుదీ వెయ్యి. సెలవు రోజులు ఏమన్నా మిగిలుంటే డబ్బులిస్తారేమో అడుగు. పిల్లని శుక్రవారాలు నేను తీసుకొస్తా, ఇంకో షిఫ్టు చెయ్యి. ఈ నెల రోజులూ కష్టపడదాం." నాకు మంచం మీద కూర్చుని వినడం తప్ప పని లేదు.

ఆగస్టు అద్దె వచ్చింది. ఆ సాయంత్రం ఫోన్ పదేపదే చేతిలోకి తీసుకున్నాను, మా ఆవిడ పదేపదే లాక్కుంది. మర్నాడు ఆ డబ్బు మా బ్యాంకు అప్పులోకి వెళ్లిపోయింది. షానన్ ఇంటికి ఆ ఏడాది మొదటిసారి మా జీతంలోంచి కాకుండా కట్టాం. నాకు భయపడ్డంత బాధ కలగలేదు, కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టు ఉంది. దాన్ని ఒప్పుకోవడానికి మరికొన్ని రోజులు పట్టింది.

ఆ నెలలోనే సూపర్‌మార్కెట్‌లో ఉగాది నాటి అంకుల్ కలిశారు. సంగతి ఎలా తెలిసిందో తెలిసింది.

"చెల్లెలి దగ్గర అద్దె తీసుకుంటున్నావంట. పైగా గవర్నమెంటు చేత కట్టించుకుంటావంట. ఏం రోజులయ్యా ఇవి?"

"తీసుకుంటున్నానంకుల్. లీజు కూడా రాశాం."

"మరి ఆ రోజు అట్లా చెప్పావు?"

"ఆ రోజు అబద్ధం చెప్పాను. అద్దె అక్కర్లేనంత స్తోమత నాకు లేదు," అన్నాను. ఆయన బండిలో ఉల్లిపాయలు సర్దుకుంటూ వెళ్లిపోయారు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఇంకో అబద్ధం మిగిలి ఉంది, అది తేలిగ్గా వచ్చేది కాదు.

సెప్టెంబరు అద్దె కూడా కట్టి, కోర్సులో చేరి, రెండు వారాలు చదివాక మా చెల్లెలూ నేనూ మళ్లీ ఆ ఆఫీసులో కూర్చున్నాం. ఆమె కాలేజీ బ్యాగుతోనే వచ్చింది, కళ్ల కింద నల్లగా ఉంది. ఆ రోజు సాయం రాకపోతే అక్టోబరులో కోర్సు మానేసి షిఫ్టులకు తిరిగి వెళ్తానని పొద్దున ఫోన్లో మామూలుగా చెప్పింది. వెతికిన ఇల్లు దొరకలేదు.

ఆవిడ స్టేట్‌మెంట్లు చూసింది. ఈసారి డబ్బు వెళ్లింది, తిరిగి రాలేదు. కళ్లజోడు తీసి అదే ప్రశ్న అడిగింది. ఆమె అద్దె కట్టలేకపోతే మీరేం చేస్తారు?

నేనేం చెప్పాలో దారిలో అనుకుంటూ వచ్చాను. అనుకున్నది చెప్పలేదు.

"ఆ ఇంటికి అప్పు ఉంది. గాల్వే ఇంటికి వేరే ఉంది. అద్దె రాకపోతే నేను ఆ ఇల్లు నిలుపుకోలేను. అందరికీ ఇచ్చినట్టే నోటీసు ఇవ్వాల్సి వస్తుంది. అసలు ఏప్రిల్లోనే ఆ ఇల్లు అమ్ముదామని ఏజెంటుకు ఫోన్ చేశాను."

"ఆ సంగతి మీ చెల్లెలికి తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది."

చెల్లెలు నా వైపు తిరిగింది. ఏప్రిల్లో తను ఆ ఇంట్లో ఎలా ఉందో, నేను ఎలా వచ్చిపోయానో, అన్నీ ఒకసారి లెక్క సరిచూసుకుంటున్నట్టు చూసింది. నేను ఆ చూపును తప్పించుకోలేదు. అంతకంటే ఆ రోజు నేను చేసిన మంచి పని లేదు. తర్వాత ఆమె ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో, ఇక్కడివాళ్లలాగే తాపీగా అంది:

"ఇప్పుడు ఓనర్‌లా మాట్లాడుతున్నాడు. రాసుకోండి."

ఆవిడ నవ్వింది. రాసుకుంది.

బయటికొచ్చాక మెట్ల మీద చెల్లెలు తెలుగులో అంది, "ఆ నెల్లో నేను పిల్ల మంచం పై గదికి ఎక్కించుకోలేక నిన్ను పిలిచా. వచ్చావు. ఎక్కించావు. చెప్పలా."

"చెప్పలేదు."

"ఇంకోసారి అట్టాంటివి ఉంటే ముందు నాకు చెప్పు. లీజులో ఉంది, ముందుగా చెప్పాలని." నడుచుకుంటూ వెళ్లి మళ్లీ ఆగింది. "తమ్ముడివయ్యుంటే చెంప మీద కొట్టేదాన్ని. పెద్దోడివి అయిపోయావు."

సాయం మంజూరైనట్టు అక్టోబరులో తెలిసింది. ఫ్యాక్టరీలో మైక్రోస్కోపు ముందున్నప్పుడు ఆమె ఫోన్ వచ్చింది. "వచ్చిందన్నయ్యా. క్లాసుకెళ్తన్నా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేసింది. మా లైనులో పనిచేసే ఐరిష్ కుర్రాడు నా మొహం చూసి ఏమైందని అడిగాడు. మా చెల్లెలికి అద్దె సాయం వచ్చిందన్నాను. ఇంటి ఓనర్ మంచివాడేనా అని అడిగాడు. నేర్చుకుంటున్నాడన్నాను.

సాయం ఇచ్చాక కౌన్సిల్ వాళ్లు ఇల్లు తనిఖీ చేస్తారు, అద్దెకున్న మనిషి ఉండదగ్గ ఇల్లేనా అని. నవంబరులో ఒక రోజు ఆ మనిషి వచ్చాడు, పొడుగ్గా, చేతిలో టార్చి లైటు పట్టుకుని. నేనూ వెళ్లాను. ఓనర్‌గా ఒక పక్కన నిలబడ్డాను. మా చెల్లెలే ఆయన్ను ఇల్లంతా తిప్పింది. స్నానాల గదిలో గాలి లాగే ఫ్యాను పనిచెయ్యడం లేదని, అందుకే గోడ మూలల్లో నల్లగా బూజు పడుతోందని చూపించింది. పై గది కిటికీకి పిల్లలు పడకుండా ఉండే అడ్డుకొక్కెం లేదని చెప్పింది. వంటింట్లో మంటలార్పే దుప్పటి లేదంది.

"ఫ్యాను గురించి ఓనర్‌కి చెప్పారా?" అడిగాడాయన.

"ఆగస్టులోనే చెప్పాను. చూస్తానన్నారు. చూడలేదు."

అది నిజం. సరే, చూస్తాలే అన్నాను, మరిచిపోయాను. ఊరికే ఉంటున్నప్పుడు ఆమె ఇలాంటిది ఒక్కటీ నా దృష్టికి తేలేదు. ఉచితంగా ఉన్న ఇంట్లో ఫ్యాను తిరగట్లేదని ఎలా అడుగుతుంది? వెంట్రుకంత లోపం పట్టుకునే ఉద్యోగం నాది, నా ఇంట్లో గోడ నల్లబడుతుంటే ఏడాదిపాటు నాకు కనపడలేదు. ఆమె ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తోంది. గొంతులో బెదురు లేదు, నా మీద కోపమూ లేదు. తనుంటున్న ఇంటి గురించి చెప్పాల్సింది చెబుతోంది. ఆ రోజు నా మీద ఫిర్యాదు చేస్తున్న మా చెల్లెల్ని చూసి నాకు కలిగినంత గర్వం, హాల్లో అందరూ నన్ను పొగిడినప్పుడు కూడా కలగలేదు.

ఆయన వెళ్లాక మేనకోడలు అడిగింది. "డిడ్ మామయ్య ఫెయిల్, అమ్మా?"

"ఫెయిల్ కాలేదు. సప్లిమెంటరీ రాయాలి," అంది మా చెల్లెలు.

ఆ శనివారం ముందుగా ఫోన్ చేసి, కొత్త ఫ్యానూ కిటికీ కొక్కెమూ మంటలార్పే దుప్పటీ కొనుక్కుని వెళ్లాను. కరెంటు పని తెలిసిన స్నేహితుణ్ణి తీసుకెళ్లాను. అతను పైన వైర్లు కలుపుతుంటే నేను నిచ్చెన పట్టుకున్నాను. గుమ్మంలో మా చెల్లెలు నేల మీద కూర్చుని, పరీక్షకు ఎముకల పేర్లు చదువుకుంటోంది. మధ్యలో తలెత్తి, "ఆ మూల బూజు గీకి రంగు వెయ్యాలి. నువ్వే వెయ్యాలి, లీజులో ఉంది" అంది.

"వేస్తా."

"ఎప్పుడు?"

"వచ్చే శనివారం."

"రాసుకుంటన్నా," అని పుస్తకం అంచున నిజంగానే రాసుకుంది.

ఫ్యాను తిరిగింది. స్నేహితుడు దిగాడు. మా చెల్లెలు లేచి, టిష్యూ కాగితం ఒకటి తెచ్చి నిచ్చెనెక్కి ఫ్యాను జాలీకి దగ్గరగా పెట్టింది. తనిఖీకొచ్చిన మనిషి అలాగే చూస్తానని చెప్పాడట. కాగితం జాలీకి అతుక్కుని నిలిచింది. చెయ్యి తీసేసి కొంచెంసేపు చూసింది, పడుతుందేమోనని. పడలేదు.

"పాసయ్యావు," అని దిగి, మళ్లీ పుస్తకం ముందు కూర్చుంది.